థిన్నరు సీసా నేనే తీసుకెళుతున్నాను

అమ్మాయీ,

నీ ఫోను మోగుతోంది గాని నువ్వు ఎత్తడం లేదు. అందుకే ఈ చీటీ. ముందుగా, పొయ్యి వెలిగించవద్దు. వంటింట్లో థిన్నరు ఒలికింది. కిటికీలన్నీ తెరిచి ఉంచాను.

రంగులు వేసే అతను కూల్‌డ్రింకు సీసాలో పోసిపెట్టిన థిన్నరును పాప మంచినీళ్ళనుకొని ఒక గుక్క తాగింది. మీ ఆయన, పక్కింటావిడ కలిసి పాపను పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. స్పృహలోనే ఉంది, మాట్లాడుతోంది. అయితే దగ్గు తగ్గడం లేదు. ఊపిరితిత్తుల్లోకి పోయిందేమో చూడాలని, ఈ రాత్రికి అక్కడే ఉంచుతారట. పాపకు మార్చే బట్టలు తీసుకొని నేరుగా అక్కడికి రా.

పక్కింటావిడ ఉప్పునీళ్ళు తాగించి కక్కించబోతే నేను వారించాను. కక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువని చెప్పాను. "మీరు ఊరుకోండి నాన్నా, కంగారు పెట్టకండి" అని మీ ఆయన నన్నే కసిరాడు. ఆ వెంటనే ఫోనులో డాక్టరు అదే మాట చెబితే, "అలాగేనండీ" అన్నాడు.

ఏం తాగిందో కచ్చితంగా తెలియాలి కనుక డాక్టరుకు ఆ సీసా కావాలట. "పక్కింటాయన చేత పంపండి, మీకెందుకు శ్రమ" అన్నాడు మీ ఆయన, ఆసుపత్రినుంచి ఫోను చేసి. నేనే తీసుకెళుతున్నాను.

మరొక మాట. ఆ హడావుడిలో నేనొకణ్ణి ఇంట్లో మిగిలిపోతున్నానని ఎవరికీ తోచలేదు. పాప ఒక్కతే, తండ్రి భుజం మీదనుంచి దగ్గుతూనే, "తాతా, నువ్వు రావా?" అంది. వస్తానన్నాను.