సోంపు వేసిన రొట్టెలు

హనియా అక్కకి,

ఈ ఉత్తరం చూసి కంగారుపడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. అమ్మ పోయాక మన మధ్య మాటల్లేవని నాకూ గుర్తుంది. కానీ ఇది ఇంకెవరిని అడగాలో తెలియడం లేదు.

మా మేడగదిలో మొరాకో చూడ్డానికొచ్చిన బెల్జియం దంపతులు దిగారు. ఫెస్‌లో నాలుగు రోజులు మనలాగే ఉండి, మనం తినేదే తినాలట. మొన్న ఆవిడ సరదాపడి, మన రెండిళ్ల పిండీ కాల్చే వీధి బట్టీకి తనే వెళ్లి, కాల్చిన రొట్టెలు పేర్చిన చెక్కపలక తెచ్చింది. పైన అమ్మ నీలిచారల గుడ్డ కనిపిస్తే నాదే అనుకున్నాను. ఆ గుడ్డని కూడా మనం చెరిసగం చించుకున్నామన్న సంగతే మరిచాను. ముక్క నోట్లో పెట్టుకున్నాక సోంపు తగిలింది. నేను సోంపు వెయ్యను కదా, వేసేది నువ్వే.

ఆవిడేమో "ఇంత మంచి రొట్టె ఎక్కడా తినలేదమ్మా" అంది. నావి కావని చెప్పకుండా ఇంకో ముక్క వడ్డించాను. నిన్న నా రొట్టెలు పెడితే, "మొన్నటిలా లేవేంటి?" అంది. మా ఆయన "దానికి రోజుకో చెయ్యి లెండి!" అని ఒకటే నవ్వు.

రేపు పొద్దున పుదీనా చాయ్‌తో ఆ మొన్నటి రొట్టెలే తిని బయల్దేరతారట. నిజం చెప్పెయ్యనా, సోంపు వెయ్యనా? వేస్తే ఎంత వెయ్యాలి?

ఇంకొకటి అడగాలి. మొన్న నా పలక నీ ఇంటికే వచ్చి ఉంటుంది. నా పిండిలో ఉప్పెక్కువని చిన్నప్పట్నుంచీ తిట్టేదానివి, నావేనని మొదటి ముక్కకే తెలిసిపోయి ఉంటుంది. మరి తిరిగి పంపలేదేం అక్కా? తిన్నావా?

నీ చెల్లెలు