పుదీన పక్కన మరువం

వదినగారికి,

మీ చెల్లెలు బాగుంది. ముందు ఆ మాట రాస్తే మీ మనసు కుదుటపడుతుంది.

మీరు వెళ్లిన మర్నాడే పెరటి పని మొదలుపెట్టాను. చలి తగ్గి మొక్కలు చిగురు వేసేలోగా కుండీలన్నీ మీరు చెప్పినట్టే గోడవారగా, వాసనల వరసలో సర్దాను. గడప దగ్గర పుదీన, దాని పక్కన మరువం, మలుపులో గులాబీ, కుళాయి దగ్గర నిమ్మ. "దారి వేసి మీరు పక్కకి తప్పుకోండి మరిదిగారూ, అదే నడుస్తుంది" అని మీరు దెప్పినప్పుడు నాకు కోపం వచ్చిన మాట నిజం. చూపు పోయినప్పటి నుంచి తను గది దాటలేదు. ఏమడిగినా "సరే" అనేది. ఆ సరే వింటే నాకు భయం వేసేది.

ఇప్పుడు ఆకులు నలిపి వాసన చూసుకుంటూ ఒక్కతే కుళాయి దాకా వెళ్తోంది.

నిన్న మరువానికి ఎండ చాలడం లేదని, పాత అలవాటు కొద్దీ, దాన్ని నిమ్మ అవతలికి మార్చాను. చెప్పడం మరిచాను. పుదీన తరవాత మరువమే కదా అని చెయ్యి చాచి, అది తగలక ఇంకా ముందుకి తడిమి గులాబీ ముళ్లు పట్టుకుంది. నేను మందు తీసుకుని పరిగెత్తాను.

"మందు సంగతి తరవాత. నన్నడక్కుండా నా కుండీ ఎవరు కదపమన్నారు?"

"ఎండ కోసం..."

"ఎండెక్కడుందో నా వీపుకి తెలుసు. మీ పెత్తనం ఇంట్లో చూపించుకోండి."

పక్కింటివాళ్లు కూడా విన్నారు. నేను తలవంచుకుని మరువాన్ని దాని చోటుకి మోసుకొచ్చాను. నవ్వుతున్నానని తెలిస్తే ఇంకా తిట్టేదే. మీ మేలు మరవను.

మీ మరిది