నీళ్ళ పైపు రెండో కొస

నవంబర్ 4, మంగళవారం

ఎనిమిదో తరగతి యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దడం అయింది. నీరు తన మట్టం తానే వెతుక్కుంటుంది అనడానికి నిత్యజీవితం నుంచి ఒక ఉదాహరణ రాయమన్నాను. ముప్పై ఎనిమిది మంది టీ కెటిల్ బొమ్మ వేశారు. క్లాసులో నేను వేసింది అదే మరి. ఈ పిల్లల ఇళ్ళలో టీ కెటిల్ ఉండదు. ఆ మాటకొస్తే మా ఇంట్లోనూ లేదు.

రేఖ ఒక్కతే బొమ్మ లేకుండా "మై మదర్ పైప్" అని రాసింది. తప్పు పెట్టాను.

నవంబర్ 5, బుధవారం

పేపర్లు ఇచ్చాను. బెల్ కొట్టాక రేఖ టేబుల్ దగ్గరికొచ్చి, తన జవాబులో ఇంగ్లీష్ తప్పా సైన్స్ తప్పా అని అడిగింది. ఎదురు చెప్పడం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అసలు ఏ పైపు అన్నాను. సైట్‌లో మట్టం చూసే పైపు మేడం, అమ్మ పట్టుకుంటది అంది. అర్థమైనట్టు తలూపాను. ఏమీ అర్థం కాలేదు.

నవంబర్ 6, గురువారం

ఉదయం ప్రేయర్ అవుతుండగా రేఖ వాళ్ళమ్మ వచ్చింది. పేరు భాగ్యమ్మ. పాలమూరు వైపు మనిషి. మా స్కూల్ వెనక లేస్తున్న టవర్లలో కూలి పని. మేడం పైపు గురించి అడిగిందని విని, పిల్ల ఏదో తప్పు చేసిందనుకుని కంగారుగా వచ్చింది. భుజాన చుట్ట చుట్టిన సన్నటి ప్లాస్టిక్ పైపు, లోపలున్నది కనిపించే రకం.

వరండాలోనే చూపించింది. పైపు నిండా నీళ్ళు. ఒక కొస నా చేతికిచ్చి ఈ స్తంభానికి ఆనించమంది. రెండో కొస తీసుకుని ఆ చివరి స్తంభం దాకా వెళ్ళింది. నీళ్ళు కాసేపు ఊగి ఆగాయి. ఇక్కడొక గీత, అక్కడొక గీత. రెండు గీతలూ ఒకే ఎత్తు. మధ్యలో గోడ అడ్డున్నా, మూల తిరిగినా, పైపు నేలమీద పాములా పడి ఉన్నా సరే. గోడలు, ఫ్లోర్లు, కిటికీలు అన్నిటికీ మొదటి గీత ఇలాగే పడుతుందట.

ఇరవై రెండేళ్ళుగా ఫిజిక్స్ చెబుతున్నాను. స్టాఫ్ రూమ్ కిటికీలోంచి రోజూ ఆ టవర్లే కనిపిస్తాయి. పైపు పట్టుకుని నడిచే ఆడవాళ్ళను ఎన్నిసార్లు చూశానో. గోడలు తడపడానికి అనుకున్నాను.

రేఖ పేపర్ తెప్పించి, తప్పు కొట్టేసి, రైట్ పెట్టాను. క్లాసులో అందరి ముందూ సారీ చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. సారీకి కాదు, టీచర్ సారీ చెప్పినందుకు.

నవంబర్ 12, బుధవారం

హైటెక్ సిటీలో డిసెంబర్ 6, 7 తేదీల్లో సైన్స్ టీచర్ల కాన్ఫరెన్స్ ఉందట. అయిదు రాష్ట్రాల నుంచి వస్తారట. హెచ్.ఎం. వసంత గారు సర్క్యులర్ నా టేబుల్ మీద పెట్టి, ఉమాశ్రీ గారూ, ఆ పైపు సంగతి రాసి పంపండి అన్నారు. ఇంగ్లీష్‌లో మాట్లాడాలి కదండీ అన్నాను. పంపడానికి మాట్లాడక్కర్లేదు కదా అన్నారు.

పంపాను. రానివ్వరులే అన్న ధైర్యంతో.

నవంబర్ 21, శుక్రవారం

సెలెక్ట్ అయింది. డిసెంబర్ 6 శనివారం మధ్యాహ్నం రెండున్నరకు నా వంతు. పన్నెండు నిమిషాలు.



నవంబర్ 23, ఆదివారం

నలభై రెండు స్లైడ్లు అయ్యాయి.

నవంబర్ 26, బుధవారం

మా అమ్మాయి నీహారిక ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూర్చుంది. ఎదురుగా నిలబడి అంతా చదివాను. వాళ్ళ ఆఫీసులో రోజూ ఎవరో ఒకరు స్లైడ్లు చూపిస్తూనే ఉంటారు కాబట్టి దానికి తెలుస్తుంది. విన్నాక, అమ్మా, నువ్వు ఆరుచోట్ల ఎక్స్‌క్యూజ్ మీ, మూడుచోట్ల సారీ అన్నావు, ఎవరి ఇల్లు తగలబెట్టావు అంది. మా ఆయన లోపలి గదిలోంచి పగలబడి నవ్వారు. ముప్పై నాలుగు స్లైడ్లు తీసేసింది. మిగిలిన ఎనిమిదిలోనూ సగం ఫోటోలే.

నాకు ఇంగ్లీష్ రాక కాదు. చదువుతాను, రాస్తాను, క్లాసులో చెబుతాను. పెద్దవాళ్ళ ముందు నిలబడేసరికి నోట్లో మాట అక్కడే ఆవిరైపోతుంది. బీఎడ్ రోజుల నుంచీ ఇంతే.

నవంబర్ 28, శుక్రవారం

భాగ్యమ్మను నాతో రమ్మని అడిగాను. "నేనెందుకు మేడం ఆడికి? గంత పెద్ద సార్ల నడుమ నాకేం పని?" అంది. రెండో కొస కుర్చీకి కట్టేసుకోమంది. వరండాలో కట్టి చూపించాను. నేనిటు కొస ఎత్తగానే అటు నుంచి నీళ్ళు కుర్చీ మీద పోయాయి. కుర్చీ హెచ్.ఎం. గారిది. భాగ్యమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి, సరే వస్త అంది.

మాటల్లో తెలిసింది. పద్దెనిమిదేళ్ళుగా ఆమె పని అటు కొస పట్టుకోవడమేనట. గీత గీసేది మేస్త్రి. పెన్సిల్ మేస్త్రిదే. ఏ ఫ్లోర్ ఎక్కడ ఎంత పల్లంగా ఉందో ఆమెకు ముందే తెలుస్తుంది, కానీ ఎవరూ అడగరు.

రిజిస్ట్రేషన్ ఫారంలో ఆమె పేరు పక్కన హోదా రాయాల్సిన గడి ఉంది. "రిసోర్స్ పర్సన్" అని రాశాను. రాశాక ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను, ఏదో దొంగతనం చేసినట్టు. తరవాత ఆలోచిస్తే అంతకన్నా నిజమైన మాట ఆ ఫారంలో ఇంకోటి లేదు.

డిసెంబర్ 6, శనివారం, ఉదయం 9

మియాపూర్ నుంచి మా ఆయన స్కూటర్ మీద దింపారు. ఒళ్ళో బకెట్, బకెట్‌లో పైపు. సిగ్నల్ దగ్గర పక్క కార్లోవాళ్ళు చూశారు. చూడనీ.

మధ్యాహ్నం 2

భాగ్యమ్మ రాలేదు. మెయిన్ గేటు దగ్గర గంట నుంచి నిలబడ్డాను. ఫోన్ ఎత్తడం లేదు. పరీక్షకు హాల్ టికెట్ మర్చిపోయినదానిలా ఉంది నా పరిస్థితి.

2.15

దొరికింది! గేటు దగ్గర గార్డు ఆమెను చూసి, పనివాళ్ళు వెనకనుంచి పోవాలన్నాడట. ఆమె ఏమీ అనుకోకుండా వెనకనుంచే వచ్చేసింది. హాలు తుడిచే ఆమె, పేరు రత్నమ్మ, భాగ్యమ్మ వాళ్ళ పక్క ఊరేనట. ఇద్దరూ వంటగది మెట్లమీద కూర్చుని బిర్యానీ తింటున్నారు. "ఫికర్ జెయ్యకుర్రి మేడం, ఇంకా పావుగంట ఉన్నది" అంది. మెళ్ళో బ్యాడ్జి వేశాను. ఏం రాసుంది అని అడిగింది. చదివి వినిపించాను. ఇంకోసారి చదవమంది.

సాయంత్రం 6, ఇంట్లో

చెయ్యి ఆగడం లేదు. అన్నీ రాయాలి.

భోజనాల తరవాతి సెషన్. రెండొందల మంది, సగం కళ్ళు మూతలు. అధ్యక్షత అనసూయమ్మ గారు, రిటైర్డ్ ప్రొఫెసర్, తెల్ల జుట్టు, చేతిలో బెల్లు. నేను గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నాను. రెండు స్లైడ్లు బాగానే నడిచాయి. మూడోది డెమో. హాల్లో అటూ ఇటూ రెండు స్తంభాలు. పొద్దున్నే రెండిటికీ నేల నుంచి మీటరు ఎత్తులో తెల్ల టేపు అంటించి పెట్టాను. నేల సమంగా ఉంటే నీళ్ళు రెండుచోట్లా టేపు మీదే ఆగాలి. నేనిటు, భాగ్యమ్మ అటు. మధ్యలో పైపు కుర్చీల మీదుగా ఎక్కుతూ దిగుతూ.

ఆగలేదు. నా దగ్గర టేపు మీదున్నాయి. ఆమె దగ్గర నాలుగు వేళ్ళు కిందికి.

హాలంతా నవ్వు. ముందు వరసలో ఒక సారు, నేలే వంకరేమో అన్నారు. ఇంకా నవ్వు. నా ఇంగ్లీష్ అంతా ఎటుపోయిందో పోయింది. సారీ అనబోయాను. అదీ రాలేదు.

అప్పుడు అటు చివర నుంచి కేక. సైట్‌లో ఏడో ఫ్లోర్ నుంచి కిందికి వినపడే గొంతు.

"జర ఆగుర్రి మేడం! నడుమల గాలి జొచ్చింది. అది ఎల్లిపోయేదాంక నీళ్ళు నిజం చెప్పయి!"

నిద్రపోతున్నవాళ్ళందరూ లేచారు. ఆమె తన కొసను పక్క కుర్చీలో ఉన్న సారు చేతికిచ్చి, బొటనవేలితో మూసి పెట్టుకోమంది. పైపు వెంట నడుస్తూ, ఎత్తుతూ, వేళ్ళతో తడుతూ వచ్చింది. జానెడు పొడుగు గాలి బుడగ. అది కదులుతుంటే రెండొందల తలలు దానితో పాటే తిరిగాయి. వరసలు దాటి, నా దగ్గరకొచ్చి, బుడుక్కుమని బయటపడింది. మళ్ళీ పట్టుకున్నాం. నీళ్ళు ఊగాయి, ఆగాయి. రెండు టేపుల మీదా. గోటి మందం తేడా లేదు.

ఆ చప్పట్లు!

ఒక కేరళ టీచర్ లేచి, బుడగ ఉంటే మట్టం ఎందుకు తప్పుతుందని అడిగారు. అనసూయమ్మ గారు నా వైపు చూశారు. పైపు ఎక్కే చోట నీళ్ళు ఉండాల్సిన జాగాలో గాలి కూర్చుంది. గాలికి బరువు లేనట్టే. అటు నీళ్ళ బరువును ఇటు నీళ్ళు మోయాలి, మోసేవి తక్కువయ్యాయి, అందుకే మట్టం తప్పింది. గబగబా చెప్పేశాను. చెప్పాక తెలిసింది, అంతా తెలుగులో చెప్పానని. ఇంగ్లీష్‌లో మళ్ళీ చెప్పబోతే ఆవిడ వద్దన్నారు. మీ చేతులు చూశాను, అర్థమైంది, ఇలాగే కానివ్వండి అన్నారు. అప్పటి నుంచి నాకు అడ్డులేదు. తెలుగూ ఇంగ్లీషూ ఏది ముందొస్తే అది.

కరీంనగర్ సారొకరు భాగ్యమ్మను ఎన్నేళ్ళుగా మేస్త్రి పని చేస్తున్నారని అడిగారు. ఆమె బ్యాడ్జి సవరించుకుంది.

"మేస్త్రిని కాదు సార్. కూలికి పోత. రెండో కొస నాది."

చప్పట్లు మొదలయ్యాయి. ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరికోసం కొడుతున్నారా అని. అనసూయమ్మ గారు లేచి నిలబడే కొట్టారు. బెల్లు కొట్టడం మర్చిపోయారు. పన్నెండు నిమిషాలు నలభై అయింది. తరవాతి పేపర్ చదవాల్సిన ఆయన కూడా మోకాళ్ళమీద కూర్చుని పైపు పట్టుకున్నాడు. పట్టుచీరల మేడమ్‌లు నేలమీద. ఎవరో గ్లాసు నీళ్ళు ఒలకబోశారు. రత్నమ్మ తుడవడానికొచ్చి తనూ ఒక కొస పట్టుకుని చూసింది.

బయటకొచ్చాక ఆటో కోసం నిలబడి ఇద్దరం ఊరికే నవ్వుకున్నాం. కారణమేమీ లేదు.

డిసెంబర్ 7, ఆదివారం

గొంతు పోయింది. మా ఆయన మిరియాల పాలు ఇచ్చారు. నిన్న హాల్లో ఎవరో తీసి పంపిన వీడియోను నీహారిక పదకొండోసారి చూస్తోంది.

డిసెంబర్ 11, గురువారం

ఇంటర్వెల్‌లో రేఖ పరుగున వచ్చింది. వాళ్ళ సైట్ మేస్త్రి నర్సింహ ఫోన్‌కి ఎవరో ఆ వీడియో పంపారట. అందరి ముందూ రెండుసార్లు చూశాడట. మొదట ముఖం మాడ్చుకున్నాడట. నిన్న పదో ఫ్లోర్ మట్టం చూసేటప్పుడు మాత్రం ఏమీ అనకుండా పెన్సిల్ తీసి భాగ్యమ్మకిచ్చి, తను వెళ్ళి రెండో కొస పట్టుకున్నాడట. అమ్మ గీసిన గీత ఎలా ఉంది అని అడిగాను. "సక్కగ ఉన్నది మేడం. జర లావుగ గీసింది, అంతే" అంది.

సెవెన్త్ పీరియడ్‌లో నాకు పాఠం మీద మనసు లేదు. పిల్లలకు ఆటల పీరియడ్ ఇచ్చేశాను.

డిసెంబర్ 16, మంగళవారం

ఆరు స్కూళ్ళ నుంచి ఫోన్లు. పైపు పాఠం నేర్చుకోవడానికి శనివారం వస్తారట. వసంత గారు భోజనాలు ఎంతమందికి అని అడిగారు.

డిసెంబర్ 20, శనివారం

పందొమ్మిది మంది టీచర్లు. స్కూల్ వెనక మట్టిలో క్లాసు. చెప్పింది భాగ్యమ్మ. నేను అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాను. పాఠం మధ్యలో భాగ్యమ్మ నన్ను వరసల్లోకి రానివ్వలేదు. ఓ పక్కన నిలబడి విన్నాను.