పదహారు పేజీల తిరుగుబాటు

బాబాయికి,

నీ అన్న కూతురు నమస్కారాలతో రాయునది. ఇక్కడ నేను క్షేమమే. పుస్తకం పరిస్థితే బాగాలేదు. అట్ట ఊడి, దారాలు తెగి ఉంది. ఇంట్లో మొదలైన పెత్తనం మనిషి మనసులో ఎలా కాపురం పెడుతుందో చెప్పే పుస్తకం. మా మాస్టారి దగ్గర అడిగి తెచ్చుకున్నది. పన్నెండో తారీఖున ఇంటర్వ్యూ చేసేదీ ఆయనే. పరిశోధనకి ఉన్నది ఒక్కటే సీటు. అది రాకపోతే నాన్న చూసిన ఉద్యోగంలో జీవితాంతం రబ్బరు స్టాంపులు కొట్టుకోవాలి. నీ బైండింగు షాపులో త్వరగా కుట్టించి పంపు.

ఉంటాను,
అమ్మలు

తా.క.: నువ్వు చదవకు. నీకసలే బీపీ.

*

అమ్మలుకి బాబాయి ఆశీస్సులు.

నేను చదవలేదు. మా షాపువాళ్ళు చదివారు. పదహారేసి పేజీల ఫారాలుగా విప్పి మనిషికొకటి ఇచ్చాను కదా, ఎవరి ఫారం వాళ్ళు చదువుకుని కూర్చున్నారు. కుట్టుబల్ల దగ్గర అక్కయ్యకి "లోబడటం ఒక జబ్బు" అన్నది తగిలింది. సూది కింద పెట్టేసింది. జిగురు రాసే పెద్దాయనకి కలల ఫారం. పొద్దున్నే తన కల చెప్పి, నేను అర్థం చెప్పేదాకా బ్రష్షు ముట్టడు. నిన్న కలలో నన్నొక మేక నమిలేసిందట. ఆ మేక ఎవరని నన్నే అడుగుతాడు. కటింగ్ మిషను మనిషిది "యజమానిలో తండ్రిని చూస్తాం" అన్న ఫారం. నన్ను నాన్నా అంటున్నాడు. నాకన్నా ఆరేళ్ళు పెద్ద.

ఇట్లు,
పని ఆగిన బాబాయి

తా.క.: ఆ కటింగ్ మిషను మనిషి వాళ్ళావిడ వచ్చి "బాగున్నారా మావయ్యగారూ" అని పలకరించి వెళ్ళింది.

*

బాబాయ్,

లోబడటం జబ్బు అన్నాక, తర్వాతి ఫారం "అయితే" అని మొదలవుతుంది! ముక్క చదివితే ముక్కే ఎక్కుతుంది. అందర్నీ కూర్చోబెట్టి మొదటి నుంచీ వరసగా చదివించు. ప్రశ్నలడిగితే అడ్డుపడకు, అణుచుకున్నదంతా బయటికి రానీ. మాస్టారు పుస్తకం ఏదని అడిగితే నీ షాపు అడ్రసు ఇచ్చేశాను. ఇక ఆరు రోజులే.

కంగారుతో,
అమ్మలు

తా.క.: పిన్ని చెవిన పడనీకు. మీ ఇంట్లో తనే ప్రభుత్వం.

*

అమ్మలూ,

నువ్వు చెప్పినట్టే మూడు రోజులు వరసగా చదివాం. మధ్యలో మీ మాస్టారు దిగారు. కుట్టే అక్కయ్య ఆయన్ని, "లోబడటం జబ్బయితే, దానికి మందు కూడా పైవాళ్ళే రాసిస్తారేంటండీ?" అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నారు. "మీరేం చదువుకున్నారమ్మా?" అన్నారు. ఎమ్మేనట. పదకొండేళ్ళుగా నా దగ్గర చేస్తోంది, నేనెప్పుడూ అడగలేదు. అక్కడికక్కడే ఆ పరిశోధన సీటుకి అర్జీ రాయించుకున్నారు.

పుస్తకం దిట్టంగా కుట్టింది. తనే తెస్తోంది. పన్నెండున నీ తర్వాతి పేరు తనదే. బస్సులో ఇంకోసారి చదువుకుంటుందట.

నీ మేలు కోరే,
బాబాయి

తా.క.: కుట్టుబల్ల ఖాళీ అయ్యేట్టుంది. నీకు సూదిలో దారం ఎక్కించడం వచ్చా?