నీ పేరు పెట్టిన మిడత

సరళా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఇది నీకు చేరదని తెలిసినా, ఇంకెవరితోనూ చెప్పుకోలేక రాస్తున్నాను.

మన్సూరాబాద్‌లో మీ జామచెట్టు మీద నువ్వు పట్టిన ఆకు మిడత కొత్త జాతేనని పొద్దున పరిశోధన పత్రిక వాళ్లు ఖాయం చేశారు. ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో మన కాలేజీ ల్యాబుకి తెచ్చి, "గీ మిడత వేరే ఉన్నదే, జర మంచిగ చూడు" అన్నావు. నేను ఇరవై ఏళ్లుగా మిడతల్నే చదువుతున్నదాన్ని. నువ్వేమో మొక్కల పాఠాలు చెప్పేదానివి. "మామూలుదే, పెట్టెలో పెట్టెయ్" అన్నాను. నాకు కనపడనిది నీకెలా కనపడిందని ఇప్పటికీ కడుపు మండుతోంది.

నువ్వు పోయాక మీ చెల్లెలు ఆ పెట్టె తెచ్చిచ్చింది. మైక్రోస్కోపు కింద పెట్టి, అది శబ్దం చేసే రెక్క మీది సన్నని పళ్లు లెక్కపెట్టాను. తెలిసిన ఏ జాతితోనూ కలవలేదు. వ్యాసంలో 'సేకరించినవారు' అన్నచోట రెండు రోజులు ఆగిపోయాను. నా పేరు రాసుకున్నా అడిగేవాళ్లు లేరు. చివరికి నీ పేరే రాశాను. జాతికీ నీ పేరే పెట్టాను.

ఎల్బీనగర్ వెళ్లి చెబితే మీ చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది.

"అక్క పేరు మిడతకు పెట్టిన్రా మేడం? మరి మీ పేరు ఏడున్నది?"

జాతి పేరు పక్కనే దాన్ని పెట్టినవాళ్ల ఇంటిపేరు రాయడం మా పద్ధతని చెప్పాను. ఇకమీదట ఆ మిడత గురించి ఎవరు రాసినా మనిద్దరి పేర్లూ కలిపే రాయాలి.

అక్కడ కూడా నీదే ముందు.