మామ్మ బొంత ఉతికిన రోజు

పరలోకంలోనూ చుట్ట మానని మా మామ్మకి, బీఏ చదువుతున్న మనవడు సవినయంగా చేసుకునే ఫిర్యాదు.

నీ సంవత్సరీకం దగ్గర పడిందని ఇల్లంతా శుభ్రం చేస్తూ, అమ్మ నీ బొంతని కూడా నూతిగట్టుకి తెచ్చింది. నీ పాత చీరలు పొరలుగా వేసి నువ్వే కుట్టుకున్న బొంత. కాలేజీ సెలవులకి వచ్చినప్పుడల్లా నేను కప్పుకునేది అదే. అందుకని దాని తరఫున వకాల్తా పుచ్చుకుని, ఉతికితే కుట్లు ఊడతాయని గంభీరంగా వాదించాను.

"ఏటిరా నీ గోల! కంపు కొడతన్నాది. మా అత్త నిప్పు నోట్లో ఎట్టుకుని కాల్సిన సుట్టలన్నీ ఇందులోనే ఉన్నాయి. దిగి తొక్కు!" అంది అమ్మ.

కుంకుడు రసంలో నానబెట్టిన బొంతని నేనే తొక్కాను. ఎత్తి గోడమీద వేస్తుంటే, చివరి రోజుల్లో నిన్ను లేపి కూర్చోబెట్టినప్పటికంటే బరువుగా ఉంది.

సాయంత్రం ముఖం ఆనించి చూస్తే ఎండ వాసన తప్ప ఏమీ లేదు. చదువుకున్న బుర్ర కదా, బడ్డీకొట్టులో నువ్వు కాల్చే రకం చుట్టే కొనితెచ్చి మడతల్లో దాచాను.

ఈ పొద్దున అమ్మ కనిపెట్టేసింది. తిట్లకి సిద్ధంగా నిలబడ్డాను. అమ్మ బొంతని ముక్కుకి ఆనించుకుని చాలాసేపు వాసన చూసింది. తర్వాత చుట్ట నా చేతిలో పెట్టి, "ఇది కాదురా," అంది.