నాయనమ్మ ఓటు

ఫయెంజా, ఇటలీ, 1946 జూన్ 2

ఒర్తెన్సియా అక్కా,

ఇన్నాళ్ళకి మన ఆడవాళ్ళకీ ఓటొచ్చింది, నేనూ ఓటేసేశాను! ఇంటికి రాగానే గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే తిట్టకు.

ఓటు కాగితం అంచు నాలుకతో తడిపి అంటించాలి కదా. పెదాల రంగు అంటితే చెల్లదని పత్రికలు మొత్తుకున్నా, నేను పెళ్ళికెళ్తున్నట్టు ఎర్రగా పూసుకుని పోయాను. వరసలో వెనకున్న రొజాల్బా పిన్ని "నీ సోకు తగలెయ్య, తుడుచుకోవే!" అని అరిచింది. ఎర్సీలియా నాయనమ్మ రుమాలుతో తుడుచుకున్నాను. అరవై ఏళ్ళ కిందట ఆడవాళ్ళకీ ఓటివ్వమని అర్జీ పట్టుకెళ్తే మునిసిపాలిటీ వాళ్ళు పగలబడి నవ్వారే, ఆ రోజు ఆవిడ కళ్ళు తుడుచుకున్న రుమాలే అది.

బయటికి రాగానే మళ్ళీ రంగు పూసుకుని, పరుగున వెళ్ళి ఆవిడ సమాధిరాయికి ముద్దు పెట్టాను. ఎర్రగా అచ్చు పడింది. పాదిరీగారు తడిగుడ్డతో వచ్చారు.

"తుడవకండి ఫాదర్, అది మా నాయనమ్మ ఓటు. తుడిస్తే చెల్లదు!" అన్నాను.

ఇట్లు,
ఓటరైన నీ చెల్లెలు